చర్చికి రెండో వాకిలి

ఊరు బాగుపడాలంటే రోడ్డక్కర్లేదు, నీళ్లక్కర్లేదు. రెండు పార్టీలుంటే చాలు! ఒకదాని మొహం ఒకటి చూడకూడదు. అంతే, అభివృద్ధి పరుగెత్తుకుంటూ వస్తుంది.

నవ్వకండి. ఎర్రగుంట్ల దాటి జమ్మలమడుగు వైపు పోతుంటే మా ఊరు తగులుతుంది. పై వీధి ఒక పార్టీ, కింది వీధి ఇంకో పార్టీ. పై వీధివాడు కింది వీధిలో టీ తాగడు. అందుకే మాకు రెండు టీ అంగళ్లు, రెండు పిండి మిషన్లు, రెండు సెలూన్లు. బస్సు ఒక్కటే, కానీ ఆగే చోట్లు రెండు! పక్క ఊళ్లో ఇన్ని ఉన్నాయా? ఎట్లా ఉంటాయి? వాళ్లకు ఐకమత్యమనే జబ్బుంది.

పగ మీద బతికే కుటుంబాల సంగతి చెప్పనా? జమ్మలమడుగులో సుమోలకు అద్దాలు బిగించే మెకానిక్ మూడంతస్తుల మేడ కట్టాడు. ప్రొద్దుటూరులో ఒక వకీలు మా ఊరి కేసులతోనే కొడుకును డాక్టరు చేశాడు. ఆ కొడుకు మా ఊరివాళ్లకు కుట్లు వేసే నర్సింగ్ హోం తెరిచాడు. ఏ ఆర్థిక మంత్రి చేయగలడీ పని?

పన్నుల మీద కూడా మా నాయకులకు గట్టి సిద్ధాంతాలున్నాయి. ఉన్నవాడి దగ్గరే వసూలు చేయాలి, చిలమకూరు నుంచి వచ్చే సిమెంటు లారీలను ఆపితే చాలంటాడు పై వీధి నాయకుడు. పన్ను ముందు అందరూ సమానమే, గొర్రెలు కాసుకునే కాటమయ్య కూడా కట్టాల్సిందేనంటాడు కింది వీధి నాయకుడు. కాబట్టి లారీవాడు ఇద్దరికీ కడతాడు, కాటమయ్య ఒక్కరికే కడతాడు. చూశారా, పేదలకు రాయితీ!

ఇక సొంత నమ్మకాలు. మా ఊళ్లో ఎవరు ఏ దేవుణ్ణి కొలిచినా అభ్యంతరం లేదు. "ఏ వీధి?" అని మాత్రం అడుగుతారు.

దానికి జవాబు చెప్పని మొండివాడు ఒక్కడే. మిషన్ బడి పంతులు ప్రకాశం. "నాకు ప్రభువు ఉండాడప్పా, చాలు" అంటాడు. రెండు అంగళ్లలోనూ టీ పుట్టని మనిషి! అభివృద్ధికి ఇలాంటివాళ్లే అడ్డం.

మొన్న ఆయన కూతురు అరుణకుమారి పెళ్లి పెట్టుకున్నాడు. నాయకులను పిలవకపోతే ప్రమాదం. పిలిస్తే ఇంకా ప్రమాదం. చర్చి కట్టించిన దొరలకు ముందుచూపు లేదు, వాకిలి ఒక్కటే పెట్టారు. ఇద్దరిలో ముందు లోపలికి పోయేదెవరు? వెనక పోయినవాడు ఊళ్లో తలెత్తుకోగలడా?

మొట్టమొదటిసారి ఇద్దరు నాయకులూ ఒకే మాట మీదికొచ్చారు. గోడ పగలగొట్టి, పక్కనే అచ్చం అదే కొలతలో ఇంకో వాకిలి!

పంతులు భార్య లీలమ్మ మేస్త్రీని నిలదీసింది. "ఏందప్పా ఓబులేసూ, దేవుని గోడ పగలగొడ్తాండావు?"

"నేనేం చేసేదమ్మా? గోడ పోతే పోనీలే, తలకాయలు మిగుల్తాయి."

పెళ్లిరోజు గంట మోగగానే నాయకులిద్దరూ రెండు వాకిళ్లలో ఒకేసారి కుడికాలు పెట్టారు. వెనకే రెండు వీధుల మగవాళ్లు. ఎడమ బెంచీలు ఒకరివి, కుడి బెంచీలు ఒకరివి. పాస్టరు సిద్ధం. పెళ్లికొడుకూ సిద్ధం. అతను వేంపల్లెవాడు కాబట్టి ఏ వాకిట్లోంచి వచ్చినా లెక్కలోకి రాదు.

బయట తెల్లచీరలో అరుణకుమారి. అడుగు వేయబోయి ఆగిపోయింది.

"ఇట్ల రామ్మా, ఇదే మన వాకిలి" అన్నారు ఎడమవైపు నుంచి.

"మన వాకిలేంది లేయ్? ఆ పాప మా దాంట్లోనే రావల్ల!" అన్నారు కుడివైపు నుంచి.

చేతులు నడుముల దగ్గరికి పోయాయి. ఒక్క అడుగు! ఎటు వేస్తే ఆ పార్టీ మనిషి. తండ్రి జీవితమంతా చెప్పని జవాబు ఇప్పుడు కూతురి పాదం చెప్పాలి.

"యెనక పాస్టరు గదిలో చిన్న తలుపు ఉండాది, దాంట్లో పోదాం రామ్మే" అని చెవిలో చెప్పింది లీలమ్మ.

"నా పెండ్లికి నేను దొంగ మాదిరి పోవల్నా?" అంది అరుణకుమారి. తర్వాత గొంతెత్తింది. "అయ్యగారూ! నేను లోపలికి రాను. మీరే బయటికి రాండి. ఆయన్ని గూడా పిల్చుకోని రాండి!"

పాస్టరు పెళ్లికొడుకు చెయ్యి పట్టుకుని ఆ చిన్న తలుపులోంచి బయటపడ్డాడు.

లోపలివాళ్లు లేవలేదు. ఎలా లేస్తారు? ముందు లేచినవాడు ఓడినట్టు! వాళ్లు ఒకరినొకరు గుడ్లురిమి చూసుకుంటుండగానే బయట ఎండలో పెళ్లి అయిపోయింది. కాటమయ్యతోపాటు ఆయన గొర్రెలు కూడా సాక్షులు. రెండు వీధులకు విడివిడిగా వండిన బిర్యానీని వంట మాస్టరు ఫకీర్ సాహెబ్ ఏది ఎవరిదో చూడకుండా ఒకే బంతిలో వడ్డించేశాడు. రెండు వీధుల ఆడవాళ్లూ పక్కపక్కనే కూర్చుని తిన్నారు.

"ఇంకొంచెం ఎయ్యి మామా, లోపలోళ్లు ఇప్పుడప్పుడే లేయరు" అంది లీలమ్మ.

పాఠకులారా, నా బాధ మీకర్థమైందా? ఒకే ఎండ, ఒకే బంతి! ఒక్క అద్దం పగల్లేదు, ఒక్క కుట్టు పడలేదు. ఆ డాక్టరు ఏం తిని బతకాలి? అరుణకుమారి లాంటి పిల్లలు ఇంకో నలుగురు పుడితే మా అభివృద్ధి ఏం కావాలి?

ఈ దిగులుతోనే ఓబులేసును పక్కకు పిలిచాను. కొత్త వాకిలికి గొళ్లెం ఏ పక్క పెట్టావని అడిగాను.

"బయట పక్కే పెట్టినా మామా" అన్నాడు. "పాతదానికి గూడా."