నల్లంచు కార్డు

ఓడ సరుకు సంగతి ఆ వేళ ఎలాగైనా తేల్చుకోవాలని భీమరాజు పొద్దున్నే లేచి, స్నానం చేసి, కొత్త కండువా భుజాన వేసుకున్నాడు. కాకినాడ రేవులో ఓడలు ఒడ్డుదాకా రాలేవు. దూరాన సముద్రంలోనే లంగరు వేస్తాయి. వాటి సరుకు దింపి తెచ్చేవి భీమరాజు లాంటివాళ్ల పడవలే. మార్టన్ దొర కంపెనీ సరుకంతా ఇకమీదట ఒక్కరికే అప్పగించబోతున్నారని ఆ కంపెనీ దుబాసీ తాతాజీ గారు వారం కిందటే కబురు చేశారు.

"మీరు నమ్మకస్తులని దొరగారి చెవిన వేశానండి. కానీ ముందు పేరు అచ్చేసిన కార్డు లోపలికి పంపాలి. ఆ కార్డు చూసే మనిషిని అంచనా వేస్తారు" అని కూడా చెప్పారు.

ఆ మాటతో భీమరాజుకి గుండెల్లో రాయి పడింది. తుఫానులో పడవ నడిపినవాడే గాని, ఇంగ్లీషు అక్షరం చూస్తే ఒళ్లంతా చెమట పట్టే మనిషి. పిఠాపురం వెళ్లి కుక్కుటేశ్వరుడికి తలనీలాలిచ్చి, గుండుతో నేరుగా జీవరాజు అచ్చాఫీసు మెట్లెక్కాడు. జీవరాజు తెల్లటి కార్డు చూపించాడు.

"ఇదేంటండీ ఇలా బోసిగా ఉంది? అంచు లేని చీర కట్టుకుని పేరంటానికి వెళతారా ఎవరైనా?"

"అంచున్నవీ ఉన్నాయండి. నల్లంచు. దొరల కోసమే తెప్పించాను. ఎప్పుడు వాడతారో నాకూ తెలీదు గానీ, మంచి ఖరీదైన సరుకు."

"అంచు బాగా మందంగా ఉన్నది తియ్యండి" అన్నాడు భీమరాజు.

అలా అచ్చయిన కార్డునే ఆ ఉదయం బంట్రోతు చేతికిచ్చాడు. తాతాజీ గారు ఏదో పనిమీద రేవుకు వెళ్లారట. మాటలు తిప్పి చెప్పే దుబాసీ లేకుండానే భీమరాజు దొర ముందు నిలబడాలి. దొర ఏమడిగినా 'చిత్తం' అనేసి బయటపడాలనుకున్నాడు.

దొర కార్డు చేత్తో పట్టుకుని తానే గుమ్మం దాకా వచ్చాడు. కార్డు చూశాడు, గుండు చూశాడు. నెత్తిమీది టోపీ తీసేశాడు.

"భీమరాజు... నీకు అన్న?" అన్నాడు వచ్చీరాని తెలుగులో.

"చిత్తం దొరా."

"మంచివాడు. పాపం, అయిపోయింది!"

"చిత్తం."

"భార్య ఉన్నదా? పేరు?"

"చిత్తం, అప్పాయమ్మండి."

పెళ్లాం పేరు ఎందుకడుగుతున్నాడు? అండమాను పంపేముందు ఇంట్లో ఎవరున్నారో కనుక్కుంటారని భీమరాజు ఎక్కడో విన్నాడు. దొర నిట్టూర్చి, అతని భుజం తట్టి, తన గుర్రబ్బండిలో ఎక్కించమని బంట్రోతుకు సైగ చేశాడు.

బండి పోలీసు ఠాణా వైపు తిరిగింది. భీమరాజు కళ్లు గట్టిగా మూసుకుని ఇలవేల్పులందర్నీ పిలిచాడు. కళ్లు తెరిచేసరికి బండి ఠాణా దాటి వంతెనెక్కుతోంది. దించింది సొంత గుమ్మంలోనే. అయినా భయం తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఊరికే ఇంటికి పంపడానికి దొరలకేమైనా పిచ్చా? కడసారి పెళ్లాన్ని చూసుకోమని పంపి ఉంటారు.

"ఏం జరిగిందండీ?" అంది అప్పాయమ్మ.

"అయిపోయిందన్నారే. నీ పేరు కూడా అడిగారు" అంటూ వీధరుగు మీద కూలబడ్డాడు.

ఆమె ఇంకో మాట అడిగేలోగా తాతాజీ గారు వచ్చారు. ఒక చేతిలో పెద్ద పూలచక్రం, ఇంకో చేతిలో చుట్టిన కాగితం. కళ్లు తుడుచుకుంటూ మెట్టెక్కినవారు అరుగు మీది భీమరాజును చూసి కెవ్వుమన్నారు. పూలచక్రం వదిలేసి వీధిలోకి దూకారు.

"మీరు పోయారు కదండీ!" అన్నారు అక్కడి నుంచే.

"ఎక్కడికండీ?"

అప్పాయమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి తాతాజీ గారు సంగతంతా చెప్పారు. దొరల్లో నల్లంచు కార్డు చావు కబురట. దాని మీద భీమరాజు పేరు, తెచ్చినవాడికి గుండు. ఇంకేముంది, అన్నగారి చావు చెప్పడానికి తమ్ముడు వచ్చాడనుకుని, దొర మనసు కరిగి, పడవల కాంట్రాక్టు అప్పాయమ్మ పేర రాసి పంపాడు.

"బతికే ఉన్నారని తెలిస్తే మోసం కింద లోపలేస్తారేమోనండి" అన్నారు తాతాజీ గారు.

ఆ ముక్కతో భీమరాజు ఎండుచేపల కొట్టులో దూరి లోపల గడియ పెట్టుకున్నాడు.

అప్పాయమ్మ చీర మార్చుకుంది. "పదండి, నేనే చెబుతాను. దాక్కుంటే దొంగలమే అవుతాం" అని తాతాజీ గారిని వెంటబెట్టుకు వెళ్లింది. కొట్టులో భీమరాజుకి వీధిలో ఏ అడుగు వినిపించినా పోలీసు బూటులాగే ఉంది.

చివరికి తలుపు తట్టింది అప్పాయమ్మే.

"రండి బయటికి. దొరగారు నవ్వి నవ్వి కుర్చీలోంచి పడబోయారు. ఏ తప్పూ లేదన్నారు."

భీమరాజు పొలుసులు దులుపుకుంటూ బయటికొచ్చాడు. "హమ్మయ్య! మరి కాంట్రాక్టు?"

"మనదేనండి. మీరు బతికే ఉన్నారు గనక మీ పేరుకి మార్చమంటారా అనడిగారు."

"మార్చమన్నావు కదూ?"

అప్పాయమ్మ కాగితం మడిచి బొడ్లో దోపుకుంది. మొగుడు బతికొచ్చాడని చేతికొచ్చిన వ్యాపారం ఎవరు వదులుకుంటారు?