అనుమతి బటన్ నొక్కేదెవరు?

ఒక పెద్ద అడవిలో నీళ్లు తక్కువ, నీళ్ల ఆఫీసు పెద్దది. ఏ జంతువు ఏ రేవులో ఎప్పుడు తాగాలో ఆ ఆఫీసే తేల్చేది. రాతిగుట్టకు మెట్లు తొలిచి, హోదా కొద్దీ గదులు కట్టుకున్నారు. గుట్ట కొసన డైరెక్టరు సింహం. దాని కింద జాయింట్ డైరెక్టరు ఏనుగు, సెక్షన్ ఆఫీసరు ఎలుగుబంటి మేడమ్, సూపరింటెండెంటు నక్క. అందరికంటే అడుగున, మద్దిచెట్టు తొర్రలో, కంప్యూటర్లు బాగుచేసే ఉడుత చలమయ్య.

అందరి బల్లల మీదా కంప్యూటర్లున్నాయి. వాటి సంగతి తెలిసింది మాత్రం చలమయ్య ఒక్కడికే.

"చలమయ్యా, తెర నల్లబడిపోయిందయ్యా!" అని నక్క కేకేస్తుంది. ఎక్కి చూస్తే స్విచ్ వేసి ఉండదు. "చలమయ్యా, అక్షరాలు వాటంతటవే పరుగెడుతున్నాయి, దెయ్యం పట్టిందేమో!" అని మేడమ్ వణికిపోతుంది. ఎక్కి చూస్తే కీబోర్డు మీద తేనెపట్టు డబ్బా. రోజుకు నలభైసార్లు ఎక్కడం, నలభైసార్లు దిగడం.

వేసవి మొదట్లో చలమయ్య వెనక కాలు బెణికింది. కొంగ డాక్టరు పట్టి చూసి, "ఇంకొక్కసారి జారావంటే ఈ కాలు మీద ఆశ వదులుకో" అన్నాడు. ఆఫీసు రూల్సు పుస్తకంలోనేమో, పరుగెత్తలేని ఉడుతను కొలువులో ఉంచరాదని రాసి ఉంది. కదలలేని ఏనుగుల గురించి ఆ పుస్తకంలో ఒక్క ముక్కా లేదు. చలమయ్యకు నిజంగానే భయం వేసింది.

భయంలోంచే ఉపాయం పుట్టింది. తొర్రలో కూర్చునే, మిగతా కంప్యూటర్లన్నిటినీ తన తెర మీద తెచ్చుకుని బాగుచెయ్యవచ్చు. అందుకు కావలసిన ప్రోగ్రామును కుంటుకుంటూ గదిగదికీ తిరిగి ఎక్కించాడు. ఎవరికి ఇబ్బంది వచ్చినా ఫోన్ చేస్తే చాలు, వాళ్ల తెర మీద ఒక చిన్న పెట్టె వస్తుంది: "చలమయ్య మీ కంప్యూటరులోకి రావడానికి అనుమతి కోరుతున్నాడు." దాని కింద ఒకే బటన్. అరనిమిషంలో అది నొక్కితే సరి.

సింహం వచ్చి రిబ్బన్ కత్తిరించింది. గుట్ట మొదట్లో శిలాఫలకం కూడా వేశారు. దాని మీద అందరి పేర్లూ ఉన్నాయి, చలమయ్య పేరు తప్ప.

మర్నాడే ఏనుగు ఫోన్ చేసింది. "ఏమయ్యా, అక్షరాలు పడట్లేదు."

"పెట్టె పంపాను సార్. ఆ బటన్ ఒక్కటి నొక్కండి."

"నొక్కడమేంటయ్యా? ఇది అర్జీ. అనుమతి కోరుతున్నాడని స్పష్టంగా రాసుంది. అర్జీ కింద నుంచి ప్రాపర్ ఛానెల్లో రావాలి గానీ, నేరుగా నా ముందుకు వస్తుందా?"

"అరనిమిషంలో పోతుంది సార్!"

"అర్జీదారుడు నాకు గడువు పెట్టడమా!"

ఏనుగు ఆ పెట్టెకు ఫోటో తీయించి, ఫైలు కట్టించి కిందకి పంపింది. 'అనుమతి ఎందుకు కోరుతున్నదీ తెలుపలేదు' అని మేడమ్ రాసింది. 'చర్చించగలరు' అని నక్క రాసింది. పదకొండో రోజున ఫైలు తిరిగి పైకి చేరింది. ఏనుగు ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి, ఆ కాగితాన్ని కంప్యూటరు తెరకు ఎదురుగా పట్టుకుని, "ఇదిగో, ఇచ్చాను. ఇక రావయ్యా" అంది.

చలమయ్య రాలేదు. తొర్రలో తల పట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడు నక్క తొర్రలోకి తొంగిచూసింది. "పెద్దవాళ్లను అలా అడగకూడదయ్యా, చిన్నబుచ్చుకుంటారు. అడక్కుండానే లోపలికి పోయే ఏర్పాటు చెయ్యి. అందరికీ ఒకటే పాస్‌వర్డు పెట్టు. నా దగ్గర భద్రంగా ఉంటుంది."

"అది పదిమందికీ తెలిస్తే కొంప మునుగుతుంది సార్."

"నీ కాలు ఎలా ఉంది చలమయ్యా?" అంది నక్క ఎంతో ప్రేమగా.

చలమయ్య పాస్‌వర్డు పెట్టాడు.

నక్క ఉద్దేశం అందరి తెరలూ తానొక్కటే చూడాలని. కానీ ఆ ఆఫీసులో ఏ రహస్యాన్నైనా సర్క్యులర్ వేసి తెలియజేయడం ఆచారం. నక్క సెలవులో ఉన్న రోజున దాని సెక్షన్ ఆ ఆచారం పాటించింది. నక్క బల్ల సొరుగులో దొరికిన పాస్‌వర్డును పెద్ద అక్షరాలతో రాసి, 'దీనిని సిబ్బంది యావన్మందీ అత్యంత రహస్యముగా ఉంచవలెను' అని కింద గీత గీసి గదిగదికీ తిప్పింది. అందరూ 'చూశాను' అని సంతకాలు పెట్టారు. ఒక నకలు నోటీసు బోర్డుకూ ఎక్కింది.

ఆ రోజు నుంచి ఎవరి కంప్యూటరులో చూసినా ఇంకెవరో ఉన్నారు. ఒక్కో తెర మీద నాలుగేసి మౌసు బాణాలు కొట్టుకునేవి.

ఇంతలో నీళ్ల సభ వచ్చింది. గుట్ట కింద జంతువులన్నీ నాలుకలు పిడచగట్టుకుపోయి నిలబడ్డాయి. సింహం కంప్యూటరును పెద్ద తెరకు కలిపారు.

"మీ నీళ్ల కోసం మేం నిద్రాహారాలు మానేశాం" అని సింహం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే తన వాటా ఎంతో చూసుకుందామని ఏనుగు తన గదిలోంచి సింహం కంప్యూటరులో దూరింది. ఎలుగుబంటి అప్పటికే అక్కడుంది. రెండు బాణాలూ తోసుకుంటూ 'వేసవి పంపకం – బయట చూపరాదు' అన్న కాగితాన్ని తెరిచాయి. పెద్ద రేవు సింహం బావమరదులకు. నీడ రేవు అధికారులకు. జింకల ఎదురుగా ఒకే మాట: బురద.

ఒక ముసలి జింక ముందుకొచ్చింది. "అయ్యా, బురద అంటే వడకట్టుకుని తాగాలా, అలాగే తాగాలా?"

సింహం గర్జించబోయి దగ్గింది.

విచారణ సంఘానికి అధ్యక్షత నక్కదే. పంపకంలో తప్పేమీ లేదనీ, అది కనబడటంలోనే తప్పుందనీ సంఘం తేల్చింది. తప్పు చలమయ్యది. అయితే అతణ్ణి తీసేస్తే మేడమ్ అక్షరాలు ఆపేవాడు లేడు. పథకం ఎత్తేద్దామంటే శిలాఫలకం ఉంది. అందుకని ఉత్తర్వు ఇలా వచ్చింది: 'మరమ్మతులు ఇకపై కూడా దూరం నుంచే జరగవలెను. ప్రతిసారీ అనుమతి తప్పనిసరి. అధికారుల హోదా దృష్ట్యా అనుమతి బటన్‌ను చలమయ్యే స్వయంగా వారి బల్లల వద్దకు వచ్చి నొక్కవలెను.'

మర్నాడు పొద్దున్నే మేడమ్ ఫోన్. అక్షరాలు పరుగెడుతున్నాయట.

చలమయ్య తొర్రలో పెట్టె పంపి, కుంటికాలితో మెట్లెక్కేసరికి అరనిమిషం దాటింది. పెట్టె మాయమైంది. దిగి మళ్లీ పంపి, ఈసారి పళ్లబిగువున పరుగెత్తి బటన్ నొక్కాడు. అప్పుడు కనిపించింది, కీబోర్డు మీద తేనెపట్టు డబ్బా. మూరెడు దూరంలో ఉంది.

"మేడమ్, ఆ డబ్బా కాస్త జరిపితే..."

"ముట్టుకోకు! ఉత్తర్వు చదవలేదా? బాగుచేసేది దూరం నుంచే. ముందు కిందకి దిగు."

చలమయ్య డబ్బా వంక చూశాడు, మెట్ల వంక చూశాడు. ఏడుపొచ్చింది. దిగాడు. ఏడో మెట్టు మీద కాలు జారింది.

అతణ్ణి తొర్రకు మోసుకొచ్చేసరికి రెండు వచ్చి ఉన్నాయి. ఒకటి, పరుగెత్తలేని ఉడుతను కొలువులోంచి తొలగిస్తున్నట్టు ఉత్తర్వు. రెండోది మేడమ్ ఫోన్: "అక్షరాలు ఇంకా ఆగలేదేమయ్యా?"

నీతి: కూర్చున్న చోటి నుంచే సేవ చెయ్యాలనుకునేవాడికి కాళ్లు గట్టిగా ఉండాలి.