సోయా మొక్కలకు పరామర్శ

ఆ సాయంత్రం మొక్కలకు తుప్పు తెగులు అంటించాలని హర్సోయో అనుకున్నాడు. పొద్దున్నే పులియబెట్టిన సోయాగింజల టెంపే వేపుడుతో అన్నం తిని, మోటారుసైకిలు మీద కొండ కింది పరిశోధనా కేంద్రానికి చేరుకున్నాడు. మొక్కలకు రోగం పోగొట్టి జీతం తీసుకునేవాళ్లు జావాలో చాలామంది ఉన్నారు. రోగం తెప్పించి జీతం తీసుకునేది ఆ చుట్టుపక్కల హర్సోయో ఒక్కడే.

గ్రీన్‌హౌస్‌లో రెండు వరసల కుండీలున్నాయి. ఒక వరసలో అతను ఏళ్ల తరబడి సంకరం చేసి నిలబెట్టిన కొత్త సోయా. పక్క వరసలో గాలి సోకితే మంచమెక్కే పాత రకం. రెండింటి మీదా ఒకే తుప్పు పొడి చల్లితే పాతది మాడాలి, కొత్తది నిలవాలి. పాతది కూడా పచ్చగానే ఉంటే పరీక్ష జరగనట్టే. కిందటేడు సరిగ్గా అలాగే అయింది. కొత్త విత్తనాలకు అనుమతిచ్చే సంఘం జకార్తా నుంచి వచ్చి, పెదవి విరిచి వెళ్లింది. నెలాఖరుకు మళ్లీ వస్తోంది. ఈసారీ చూపించలేకపోతే ఆ విత్తనం అటకెక్కినట్టే.

ఈ తుప్పు బతికున్న ఆకు మీదే బతుకుతుంది. అందుకని చల్లే పొడి కోసం కొన్ని జబ్బు మొక్కల్ని వెనక పందిరి కింద పెంచుతారు. తుకిరాన్ అనే ముసలాయన వాటిని పురిటిబిడ్డల్లా సాకుతాడు.

కొత్తగా బదిలీ మీద వచ్చిన డైరెక్టరమ్మ ఆ పొద్దున అటుగా నడిచింది. పసుపెక్కి రాలుతున్న ఆకుల్ని చూసి, "వీటికి ఒంట్లో బాగున్నట్టు లేదే, పాక్" అంది. అక్కడ మగవాళ్లను పాక్ అని, ఆడవాళ్లను బూ అని పిలవడం మర్యాద.

తుకిరాన్ చేతులు కట్టుకుని "అవునమ్మా" అన్నాడు. జబ్బుగా ఉండడమే వాటి ఉద్యోగమని చెబితే పెద్దావిడకు పాఠం చెప్పినట్టవుతుంది. ఎందుకలా ఉన్నాయని అడిగితే పెద్దవాణ్ని నిలదీసినట్టవుతుందని ఆవిడా అడగలేదు. ఇద్దరూ నవ్వుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. పైవాళ్లు ఊరికే అన్న మాట అక్కడ ఉత్తర్వు కన్నా గట్టిది. ఆవిడ కంట పడకుండా తుకిరాన్ కుండీలన్నీ క్యాంటీన్ గోడ వెనక్కి చేర్చాడు.

క్యాంటీన్ నడిపే కస్మిరా వాటిని చూసింది. పారేసినవి కాబోలు, వృథా ఎందుకని పీకి మేకలకు వేసింది. కుండీలు కడిగి బోర్లించింది కూడా. మధ్యాహ్నం హర్సోయో కుంచె, నీళ్ల గిన్నె పట్టుకుని వచ్చేసరికి మేకలు మూతులు నాక్కుంటున్నాయి.

"బూ, ఆకులన్నీ తినేశాయా?"

"ఈనె కూడా వదల్లేదు, పాక్. రుచిగా ఉన్నట్టున్నాయి."

హర్సోయో గిన్నెలో నీళ్లు పారబోశాడు. తర్వాత "మంచిదే" అన్నాడు. అంతకు మించి అనడం అతనికి చేతకాదు. ఆ "మంచిదే" విన్నాక ఏదో పెద్ద కష్టమే వచ్చిందని కస్మిరాకు అర్థమైంది. కేంద్రంలో మొక్కలకు పెద్ద జబ్బు చేసిందని, పాపం పాక్ హర్సోయో కుంగిపోయాడని ఊళ్లో అన్నకు కబురు పంపింది.

ఆ అన్న సర్పిన్ ఊరికి పెద్ద. జబ్బు ఆకుల కోసం హర్సోయో వెళ్లిందీ ఆ ఇంటికే. తుకిరాన్‌ను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఒకరి చేలో తెగులుందా అని అడగడం, మీ ఇంట్లో దొంగలున్నారా అని అడగడం లాంటిది. అందుకని టీ తాగారు. అరటికాయ వేపుళ్లు తిన్నారు. వానల గురించి, రోడ్డు గురించి మాట్లాడుకున్నారు. పొద్దు వాలుతుండగా హర్సోయో గొంతు సవరించుకున్నాడు.

"చేను ఎలా ఉంది, పెద్దాయనా?"

"అల్లా దయ. ఆకు మీద చుక్క లేదు."

"ఎక్కడో ఒకచోట... చిన్న మచ్చయినా?"

"మా చేలోనా?"

"ఉండాలని కాదు. ఉంటే సంతోషమని."

సర్పిన్ తుకిరాన్ వైపు చూశాడు. తుకిరాన్ టీ గ్లాసులోకి చూశాడు.

నిజానికి ఊరి వెనక చేలన్నీ తుప్పు పట్టే ఉన్నాయి. సర్కారు మనుషులు మళ్లీ వచ్చి చూస్తే ఊరి పరువేం కావాలి? మర్నాడు తెల్లారగానే మగవాళ్లంతా చేలలోకి దిగి, మచ్చ ఉన్న ఆకునల్లా చేత్తో గిల్లి గోతిలో పూడ్చారు. తుకిరాన్ ఊరికే నడిచినట్టు అటు వెళ్లి చూస్తే, చేలు తలంటు పోసుకున్నట్టున్నాయి.

ఇక మిగిలింది పరామర్శ. ఎవరికి జబ్బు చేసినా ఊరంతా బండి కట్టుకుని వెళ్లి చూసి రావడం అక్కడి మర్యాద. మొక్కలైతే మాత్రం ఏం? పసుపన్నం గోపురంలా పేర్చుకుని, కోడివేపుడు, పూలు వేసిన నీళ్ల కుండ పట్టుకుని, మగవాళ్లంతా ఆ రోజే చేలలోంచి నేరుగా వ్యాను ఎక్కి వచ్చేశారు. చేతులు కడుక్కుని చొక్కా మార్చుకుంటే గాని ఎవరినీ రానివ్వని గ్రీన్‌హౌస్ అది. ఊరు ఊరంతా కదిలొచ్చిందన్న మురిపెంలో డైరెక్టరమ్మ తనే తలుపు తీసింది. ఆవిడ తీసిన తలుపు హర్సోయో వేయలేడు.

సోయా రైతు ఆకును తిరగేసి చూడకుండా ఉండలేడు. వచ్చిన ప్రతివాడూ ప్రతి ఆకునూ తిరగేసి, నిమిరి, నిట్టూర్చాడు.

"బాగానే ఉన్నాయిగా" అన్నాడొకడు.

"పైకి అలాగే ఉంటాయి. మా మామ కూడా అలాగే ఉండేవాడు" అన్నాడు ఇంకొకడు.

సర్పిన్ రెండు వరసల మీదా పూలనీళ్లు చిలకరించాడు. ఈ మొక్కలకు ఏ మచ్చా రాకూడదని, ఏ తెగులూ దరిచేరకూడదని తాపీగా, ఏదీ మరిచిపోకుండా ప్రార్థించాడు. అందరూ ఆమీన్ అన్నారు. డైరెక్టరమ్మ అందరికన్నా గట్టిగా అంది. హర్సోయో కూడా అన్నాడు. తర్వాత అందరూ చేతులు కడుక్కుని అన్నం తిన్నారు. దీవించిన నీళ్లు అప్పుడే ఆరిపోతే బాగుండదని తుకిరాన్ కుండీల మీద ప్లాస్టిక్ గుడ్డ కప్పి, మర్నాడు తీశాడు.

ఆ పైన హర్సోయో చేసిందల్లా జకార్తా వాళ్లకు ఏం చెప్పాలా అని మాటలు వెతుక్కోవడమే. పాత రకం ఏపుగా పెరుగుతుంటే చూడలేక గ్రీన్‌హౌస్ వైపు వెళ్లడమే మానేశాడు. ఒకనాడు తుకిరాన్ గుమ్మంలో నిలబడి, ఒకసారి రమ్మన్నాడు.

పాత వరసలో ఏ ఆకు తిప్పినా అడుగున గోధుమరంగు పొడి. కొత్త వరస మాత్రం నిగనిగలాడుతోంది. హర్సోయో అక్కడున్న పీట మీద కూలబడ్డాడు. పరామర్శకు వచ్చినవాళ్ల చేతులు, చొక్కాలు అప్పుడు కళ్లకు కట్టాయి. పొద్దుటినుంచి జబ్బు ఆకులు గిల్లిన చేతులవి. వాళ్లు ఆకు అడుగున నిమిరారు. సర్పిన్ తడి ఇచ్చాడు. తుకిరాన్ ఆ తడి ఆరకుండా కాపాడాడు. అతను ఇన్నేళ్లు చేసినా ఏనాడూ తుప్పు ఇంత బాగా పట్టలేదు.

సంఘం వచ్చింది. అందులో పెద్ద అధికారి ఒక ఆకు తిప్పి, వేలికంటిన పొడిని తుడుచుకుంటూ, ఇంత సమంగా ఎలా పట్టించారని అడిగాడు. ఊరివాళ్ల సాయమని హర్సోయో చెప్పాడు. అది వినయమనుకుని వాళ్లు నవ్వారు. కొత్త విత్తనానికి అనుమతి వచ్చింది.

పాత వరస మాడిపోయిందని కస్మిరా ద్వారా ఊరికి తెలిసింది. సర్పిన్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చి, గుమ్మం దాటకుండా నిలబడ్డాడు.

"మా ప్రార్థన చాల్లేదు, పాక్. సగమే పనిచేసింది. వచ్చే పంటకు ఆడవాళ్లనీ పిల్లల్నీ కూడా తీసుకొస్తాం."

హర్సోయో ఆయన్ని కూర్చోబెట్టి టీ పోశాడు.

"అంతమంది వద్దు, పెద్దాయనా. ఈ మోతాదు సరిపోయింది."