నెత్తిమీద మోత

ఆ రోజు ఉదయం వయొలిన్ టీచరమ్మ పెట్టుకున్న పని ఒక్కటే: కాఫీ చల్లారేలోగా విమానాశ్రయానికి ఫోన్ చేసి కడిగిపారేయడం. కొత్త రన్‌వే వచ్చినప్పటినుంచి విమానాలు ఆమె ఇంటి కప్పును గీరుకుంటూ పోతున్నాయి. పాఠం చెబుతుంటే మోగేది తీగో కిటికీ అద్దమో తెలియడం లేదు. పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు. మిగిలిన కొద్దిమంది తల్లులు కూడా నెలాఖరుదాకా చూస్తామని మర్యాదగా చెప్పేశారు. విమానం వచ్చినప్పటికంటే రాని నిమిషాలే ఆమెకు ఎక్కువ నరకం. ఆమె చెవులు దానికోసం కాచుకుని కూర్చునేవి.

భర్తకు ఆ బాధ లేదు. చెవి మిషన్ తీసి చొక్కా జేబులో వేసుకుని, విమానాలన్నిటినీ ఎప్పుడో క్షమించేశాడు. ఆమె ఫోన్ అందుకోవడం చూసి, "సర్దుకుపోవాలే," అన్నాడు పేపరు చాటునుంచి.

"మీ చెవులు జేబులో ఉన్నాయి కాబట్టి సర్దుకున్నారు. నావి ఎక్కడ పెట్టుకోను?" అందామె. ఆయనకు వినబడలేదు.

ఫోన్ ఎత్తిన అమ్మాయి, "దేని గురించండీ?" అంది.

"మోత గురించి!"

"ఒక్క నిమిషం," అని ఆ అమ్మాయి లైను కలిపింది. కలిపింది సామాన్ల విభాగానికి. అక్కడ మోత అంటే మోసేదే తప్ప మోగేది కాదు.

"చెప్పండమ్మా, మోత ఎన్ని కిలోలు?" అన్నాడు సామాన్ల గుమాస్తా.

"కిలోలేమిటయ్యా? భరించలేనంత!"

"అయ్యో. ఇంట్లో సాయానికి ఎవరూ లేరా?"

"మా ఆయన ఉన్నాడు. ఆయనకేం పట్టదు. మొత్తం నా నెత్తిమీదే!"

"నెత్తిమీద ఎందుకు పెట్టుకున్నారమ్మా, ఈ వయసులో?"

"నేనా పెట్టుకుంది? మీరు పెట్టారు!"

అసలు సంగతి వివరించబోయేసరికి విమానం వచ్చి వివరణ మొత్తం ఊడ్చుకుపోయింది.

"కంగారుపడకండమ్మా," అన్నాడు గుమాస్తా, మళ్లీ వినబడ్డాక. "రేపు పొద్దునకల్లా మనుషుల్ని పంపించి మీ మోత దించేస్తాం. అడ్రసు చెప్పండి."

ఆమెకు కళ్లు చెమ్మగిల్లాయి. మిగిలిన తల్లులకు ఫోన్లు చేసి, "రేపటినుంచి మోత ఉండదు, నాదీ పూచీ," అని మాట ఇచ్చేసింది.

మర్నాడు సెలవు. పిల్లలు వయొలిన్లతోనూ తల్లులు అనుమానంతోనూ వచ్చి కూర్చున్నారు. గేటు ముందు వ్యాను ఆగింది. ఇద్దరు కూలీలు తోపుడుబండి దించి, "మోత ఎక్కడమ్మా?" అన్నారు.

"ఆగండి, వస్తుంది."

వచ్చింది. కిటికీలతోపాటు తల్లుల కళ్లజోళ్లు కూడా వణికాయి. కూలీల్లో పెద్దవాడు ఆకాశంకేసి చూసి నుదురు తుడుచుకున్నాడు. "ఇది మేం దించలేమమ్మా. దీనికి పైలట్లుంటారు. శబ్దం అని చెప్పాల్సింది మీరు. దానికి ధ్వని విభాగం వేరే ఉంది. విమానాశ్రయం మేడమీద అద్దాల గది. అందులో కూర్చుంటే విమానం ఎగిరిందో లేదో కూడా తెలీదు."

తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకుని లేవబోయారు. పొరపాటైందని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నాలుకదాకా వచ్చింది కూడా. కానీ ఇంతకాలం ప్రతిదానికీ తానే తగ్గుతూ వచ్చానన్న సంగతి ఆమెకు ఆ క్షణంలోనే తట్టింది.

"మోయడానికి వచ్చారుగా, మోయండి," అంది. "కుర్చీలూ, స్టాండ్లూ, పిల్లలూ. పదండి, ఆ అద్దాల గదికి."

'ఫిర్యాదులకు స్వాగతం' అని ఆ గది తలుపుమీద అందంగా రాసి ఉంది. ఇంతవరకు దాన్ని నమ్మి ఎవరూ రాలేదు. ధ్వని అధికారి ఉలిక్కిపడి లేచాడు.

"ఏమిటమ్మా ఇదంతా?"

"ఫిర్యాదండీ."

"ఇంతమందా?"

"ఒక్కటే. కాస్త పొడుగు."

"చూడండమ్మా, మా విమానాల శబ్దం పరిమితిలోనే ఉంది."

"మాదీ పరిమితిలోనే ఉంటుంది. కమానులు ఎత్తండర్రా!"

కొత్తగా నేర్చుకునేవాళ్ల వయొలిన్లు తలుపు సందులో తోక ఇరుక్కున్న పిల్లుల్లా అరిచాయి. బయటి చప్పుడు లోపలికి రాని గదిలో లోపలి చప్పుడు బయటికీ పోదు. అది అద్దాలకు తగిలి తిరిగి వచ్చి అధికారి మీదే పడింది. అద్దం అవతల ఒక విమానం చేపలా నిశ్శబ్దంగా పైకి ఈదింది. అది అందంగా ఉందని మొదటిసారి అనిపించి, టీచరమ్మకు తనమీద తనకే ఒళ్లుమండింది.

"కాస్త ఆపుతారా అమ్మా?" అన్నాడు అధికారి, కణతలు నొక్కుకుంటూ.

"సర్దుకుపోవాలి సార్," అని ఆమె భర్త మాటను భద్రంగా ఆయనకు అప్పజెప్పింది.

పిల్లల తల్లులకు ఆ గది తెగ నచ్చింది. ఆ తర్వాత రోజూ సాయంత్రం క్లాసు అక్కడే. మానేసిన పిల్లలు తిరిగొచ్చారు, వెంట స్నేహితుల్నీ తెచ్చారు. వెళ్లిపొమ్మందామంటే తలుపుమీది అక్షరాలు అధికారికి అడ్డమొచ్చాయి. తన విభాగానికి తానే ఫిర్యాదు చేసుకోలేడు కాబట్టి, చివరికి ఒక సాయంత్రం అందరిలాగే విమానాశ్రయానికి ఫోన్ చేశాడు.

"దేని గురించండీ?" అంది అమ్మాయి.

"మోత! భరించలేకపోతున్నా!"

"ఒక్క నిమిషం."

లైను కలిసింది. అవతలి గొంతు ఆప్యాయంగా అడిగింది. "చెప్పండి సార్, మోత ఎన్ని కిలోలు?"