మృత్యువు కార్డు, విరిగిన నిచ్చెన

ఆ ఉదయం తాళాలాయన పెట్టుకున్న పని ఒక్కటే. తాళంచెవి పోగొట్టుకున్న బట్టల కొట్టాయన ఇనప్పెట్టె తెరిచిపెట్టాలి. చెప్పులు తొడుక్కుంటూంటే, సెలవులకొచ్చిన మరదలు అడ్డం తగిలింది. టారో కార్డులతో జోస్యం చెప్పడం నేర్చుకుంటోందావిడ. కొత్త పెట్టె అప్పుడే విప్పింది.

"ఒక్క కార్డు తియ్యి బావా, రోజెలా ఉంటుందో చెబుతా."

తీశాడు. తెల్లగుర్రం మీద నల్లకవచం తొడుక్కున్న అస్థిపంజరం. గుర్రం కాళ్ళ దగ్గర ఒక రాజు వెల్లకిలా పడి ఉన్నాడు.

"ఇదేంటే?"

"మృత్యువు కార్డు. కంగారుపడకు, దీనర్థం చావు కాదు. పాతదొకటి ముగిసి కొత్తదొకటి మొదలవుతుందని."

"పెట్టేసి మళ్ళీ కలుపు."

కలిపింది. మళ్ళీ గుర్రమే. మూడోసారీ గుర్రమే. "కొత్తది మొదలవుతుందనే బావా," అంది మరదలు నీరసంగా. ఆ మాట ఆవిడే నమ్మినట్టు లేదు.

తాళాలాయన వీధిలో పడ్డాడు. ఊళ్ళో అందరి తలుపులూ తెరిచిన మనిషికి, పక్కవీధిలో ఉన్న తమ్ముడి తలుపు మాత్రం ఆరేళ్ళుగా తెరవడం చేతకాలేదు. తమ్ముడి నిచ్చెన అరువు తెచ్చి ఒక మెట్టు విరగ్గొట్టాడు. "నువ్వే విరగ్గొట్టావు" అని తమ్ముడు, "పుచ్చుకర్ర అంటగట్టావు" అని తాను. ఆపైన మాటల్లేవు. నిచ్చెన తన కొట్టు వెనకాల అలాగే పడి ఉంది. ఇప్పుడు తాను పోతే వాడు చూడ్డానికైనా వస్తాడా? పాపం, తాళాలాయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఇనప్పెట్టె సంగతి గాలికొదిలేసి, నిచ్చెనకి కొత్త మెట్టు బిగించి, భుజానేసుకుని బయల్దేరాడు.

తమ్ముడు కుట్టుమిషను ముందునుంచి లేచి నిలబడ్డాడు.

"తప్పు నాదేరా. కర్ర పుచ్చలేదు, నా బరువుకే విరిగింది."

అన్నయ్య తప్పొప్పుకోవడం తమ్ముడు పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వినలేదు. ఇదేదో పెద్ద జబ్బే అనుకున్నాడు.

"డాక్టరేమన్నాడన్నయ్యా?"

"డాక్టరెందుకురా, అంతా తేలిపోయింది," అనేసి తాళాలాయన వెనుదిరిగాడు.

తమ్ముడు ఏడుస్తూ వదినకి ఫోను చేశాడు. వదిన కెవ్వుమంది. ఆ కేక పక్కింటికి, పక్కింటినుంచి బజారుకి పాకింది. తాళాలాయన ఊరంతా తిరిగి తిరిగి మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి గుమ్మంలో ముప్పైమంది ఉన్నారు. సగంమంది ఓదార్చడానికొచ్చారు. మిగతా సగం, తమ తాళాలు ఆయన దగ్గరే ఉండిపోతాయేమోనని వచ్చారు. "ఏమన్నా అయ్యేలోపు నా పెట్టె ఒక్కసారి తెరిపించండమ్మా!" అని బట్టల కొట్టాయన బతిమాలుతున్నాడు.

తాళాలాయన గాభరాపడ్డాడు. "ఎవరు పోయారే?"

"మీరేనటండీ!" అని భార్య బావురుమంది.

మరదలు ఇక ఉండబట్టలేక ముందుకొచ్చింది. "పొద్దున బావ తీసిన కార్డుకి చావని అర్థం కాదు మొర్రో! రాజు పడ్డాడు సరే, పక్కన పువ్వులు పట్టుకున్న పసివాణ్ణి చూడండి, భయమే లేదు. వెనకాల సూర్యుడున్నాడు. ఉండండి, మంచి కార్డులు కూడా చూపిస్తా!" అని పెట్టె మొత్తం బల్లమీద గుమ్మరించింది.

అన్నీ గుర్రాలే. డెబ్భై ఎనిమిదీ. అచ్చేసినచోట రకానికొకటి ఏరి సర్దాల్సినవాళ్ళు, ఒకే దొంతర ఎత్తి పెట్టెలో పడేశారు.

జనం పగలబడి నవ్వారు. తమ్ముడు నవ్వలేదు.

"అంటే, చస్తానని వచ్చావన్నమాట. లేకపోతే రావు."



"రాను," అన్నాడు తాళాలాయన నిజాయితీగా. "అంత మొండివాణ్ణిరా నేను. నన్ను నీ గుమ్మం ఎక్కించడానికి డెబ్భై ఎనిమిది మృత్యువులు కావాల్సొచ్చాయి. కానీ మెట్టు మాత్రం నేనే విరగ్గొట్టాను. ఆ మాట వెనక్కి తీసుకోను."

తమ్ముడు ముక్కు తుడుచుకున్నాడు. "కర్ర కూడా కాస్త పుచ్చిందేలే అన్నయ్యా," అని వాటేసుకున్నాడు.

వారం తర్వాత కార్డులవాళ్ళు క్షమాపణలతో కొత్త పెట్టె పంపారు. అందులో డెబ్భై ఏడే ఉన్నాయి. మృత్యువు ఒక్కటీ స్టాకు అయిపోయిందట.