పడుకోబెట్టకండి!

ఆ రోజు పొద్దున టైలరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ముందు పన్ను పీకించుకోవడం, తర్వాత దూది నొక్కిపెట్టుకుని మిగిలిన చొక్కాలకు గుండీలు కుట్టుకోవడం. ఏళ్ల తరబడి దారాలు కొరికి కొరికి ఆ పన్ను విరిగి, పుచ్చిపోయింది. కొన్నాళ్లుగా దవడ వాచి, ఒక పక్కనే నములుతోంది. అయినా ఆగింది. పీకడానికి భయపడి కాదు, కుర్చీకి భయపడి.

తల వెనక్కి వాల్చిందంటే చాలు, ఆమెకు లోకం తిరగడం మొదలవుతుంది. గోడలు తానులోంచి జారే గుడ్డలా మెల్లగా విప్పుకుంటూ పోతాయి. కిటికీ ఈ పక్క నుంచి ఆ పక్కకు ఈదుతుంది. చూడటానికి అందంగానే ఉంటుంది, పట్టుకుందామంటే మాత్రం ఏదీ నిలవదు.

"నేనున్నా కదా వదినా! కూర్చోబెట్టే పీకమని చెప్తాగా" అన్నాడు మరిది. ఆ ఇంట్లో నోరున్నవాడని పేరు అతనిదే.

చెప్పాడు కూడా. ఆస్పత్రిలో బల్ల దగ్గరి అమ్మాయితో, నలుగురూ వినకుండా గొంతు తగ్గించి, "మా వదినకి కళ్లు తిరుగుతాయండీ. పడుకోబెడితే..." అన్నాడు. అంతలో ఫోను మోగింది. ఆ అమ్మాయి ఫోను చెవిన పెట్టుకుంటూనే లోపలికి కేకేసింది.

"నర్సమ్మా! ఈవిడకి కళ్లు తిరుగుతున్నాయట. పడుకోబెట్టాలట!"

నర్సమ్మ పరుగున వచ్చింది. టైలరమ్మ నోరు తెరిచేలోపే ఆమెను కుర్చీలోకి చేర్చి మీట నొక్కింది. నిద్రలోకి జారుకుంటున్నట్టు కుర్చీ మెత్తగా వెనక్కి వాలింది. పైనున్న దీపం చందమామలా కదిలి గది చుట్టూ ఒక షికారు కొట్టింది. దాని వెనకే అద్దాల బీరువా, ఆ వెనక చేతులు కడుక్కునే తొట్టి వరసగా బయల్దేరాయి.

"తిరుగుతోంది..." అంది టైలరమ్మ, నీళ్ల అడుగునుంచి మాట్లాడుతున్నట్టు.

"ఇంకా తిరుగుతోందట!" అంటూ నర్సమ్మ ఆమె తల మరికాస్త దించి, కాళ్ల కింద దిండు పెట్టింది.

"లేపండమ్మా!"

"ఇప్పుడు లేస్తే పడిపోతారు. ఊరుకోండి."

గొడవ విని మరిది లోపలికొచ్చాడు. "అయ్యో, పడుకోబెట్టారేంటండీ! నేను చెప్పానుగా!"

"మీరు చెప్పారనే పడుకోబెట్టాం!"

టైలరమ్మ కళ్ల ముందు ఇద్దరు మరుదులు, ముగ్గురు నర్సమ్మలు తేలిపోతున్నారు. అందులో ఎవరో ఒకర్ని పట్టుకుందామని చెయ్యి చాచింది. దొరికింది పళ్లెం. పుక్కిలించే ఎర్రటి మందు గ్లాసుతో సహా ఎగిరి మరిది తెల్లచొక్కా మీద పడింది.

అతను కిందికి చూసుకున్నాడు. "రక్తం" అన్నాడు చాలా మర్యాదగా. ఆపైన నిలువునా కూలిపోయాడు.

అప్పుడే వచ్చిన డాక్టరమ్మకు కళ్లు తిరిగినవాళ్లెవరో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. టైలరమ్మను లేపి గోడవారనున్న మామూలు కుర్చీలో కూర్చోబెట్టారు. మరిదిని ఆ పెద్ద కుర్చీ ఎక్కించి, కాళ్లు ఎత్తి పెట్టారు. తల గోడకు ఆనించగానే టైలరమ్మకు గదిలోవన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి వచ్చాయి. తొట్టి దాని చోట ఆగింది. బీరువా ఆగింది. చందమామ దీపమైంది.

"ఇప్పుడెలా ఉందమ్మా?" అడిగింది డాక్టరమ్మ.

"ఇలా నిటారుగా ఉంటే ఏమీ లేదండీ. వాలిస్తేనే తిరుగుతుంది. అది చెబుదామనే పొద్దుట్నుంచీ చూస్తున్నా."

"అయితే ఇలాగే కానిద్దాం. ఆ కుర్చీ ఎలాగూ ఖాళీ లేదు."

తిమ్మిరి సూది వేసి, అది పట్టాక, డాక్టరమ్మ నడుం వంచి పన్ను పీకేసింది. టైలరమ్మ తల అంగుళం కూడా కదల్లేదు. పక్కన మరిది కళ్లు తెరిచి, పట్టకారు చూసి, మళ్లీ మూసుకున్నాడు.

ఇంటికి వదిన భుజం మీద వాలి వచ్చాడు. తలుపు తీసిన అత్తగారు కొడుకు పాలిపోయిన మొహమూ, ఎర్రటి చొక్కా చూసి గుండె బాదుకుంది. "నా తండ్రే! ఎంత పెద్ద పన్ను పీకార్రా నీకు!" అంటూ మంచమెక్కించి దుప్పటి కప్పింది.

నోట్లో దూది ఉన్నావిడ వెళ్లి అతనికి మంచినీళ్లు తెచ్చింది.