మూత మీద పేరు

ఆస్పత్రిలో పొరపాటు జరగడం రోగి చేసుకున్న అదృష్టం! నవ్వకండి. తలకాయ ఉన్నవాణ్ణే, తలాతోకా ఉన్న మాటే చెబుతున్నాను. సాక్ష్యం కావాలంటే మా అక్క తలకాయే ఉంది.

అక్క లెక్కల టీచరు. మెదడులో ఎడమవైపు శనగగింజంత మచ్చ ఉందన్నారు. గడ్డో, ఇన్‌ఫెక్షనో స్కానింగ్ తేల్చలేదు. గడ్డయితే ఒక వైద్యం, ఇన్‌ఫెక్షనయితే పూర్తిగా వేరే వైద్యం. అందుకని బయాప్సీ. అంటే పుర్రెకి చిన్న రంధ్రం చేసి, సూది దించి, పిసరంత ముక్క పైకి తేవడం.

"రిస్కు?" అన్నాడు బావ. బావ నోట అంత పొట్టి మాట నేనెన్నడూ వినలేదు.

"నూటికి ఒకరిద్దరికి లోపల రక్తం కారొచ్చండి. మిగతాదంతా మెషీన్ చూసుకుంటుంది," అన్నాడు డాక్టరు. తెర మీద అక్క మెదడు రంగుల్లో గిర్రున తిరుగుతోంది. సూదికి తగిలించిన మెరిసే గోలీలను కెమెరా కనిపెడుతూ, రక్తనాళాలను తప్పించి ఏ సందులోంచి దిగాలో దారి చూపిస్తుందట. "మిల్లీమీటరు తప్పదు!"

తప్పలేదు కూడా! అక్క మర్నాడే లేచి కూర్చుని, చొక్కా గుండీలు వంకరగా పెట్టుకున్నాడని బావకి తలంటింది.

పదో రోజున అక్క పేరుతో రిపోర్టు వచ్చింది: "ప్రొస్టేట్ గ్రంథి. దోషమేమీ లేదు."

పాఠకులారా! ఆడమనిషి తలలో సూది దించి, మగవాళ్లకి మాత్రమే ఉండే గ్రంథిని పైకి తీయడం ఏ సైన్సుకి సాధ్యమైంది? తలలో ఎక్కి నడుం కింద దిగిందంటే దాన్ని సూది అంటారా, రైలు అంటారా? అదే సమయంలో ఎవరో పెద్దమనిషి, తన ప్రొస్టేట్‌లో మెదడు దొరికిందన్న కాగితం పట్టుకుని కూర్చుని ఉంటాడు. కొందరు మగవాళ్లకి మెదడు అక్కడే ఉంటుందని అక్క ఎప్పటినుంచో అంటోంది. రాతపూర్వకంగా రుజువవడం ఇదే మొదలు!

"ఇంట్లో మగాడెవరో ఇన్నాళ్లకి తేలింది," అన్నాడు బావ.

"ఊరుకోండి! ఇద్దరికీ కలిపి ఉన్నదొక్క మెదడు, దాన్నీ ఎక్కడో పారేశారని నేనేడుస్తుంటే!"

ఆరా తీస్తే తేలిందిది. ఆపరేషన్ థియేటర్లో పేరు చీటీని సీసాకి కాకుండా మూతకి అంటిస్తారు. మూత చదునుగా ఉంటుంది, అంటించడం సుఖం. ల్యాబ్‌లో మూడు సీసాల మూతలు ఒకేసారి తీసి బల్ల మీద పెట్టారు. పెట్టేటప్పుడు ఏ మూత ఏ సీసాదో మూతలకేం తెలుసు? మూడింటిలో రెండు మెదడు ముక్కలే. అక్కది ఏదో చెప్పలేమన్నారు. పుర్రె లోపల మిల్లీమీటరు తప్పనివాళ్లు బల్ల మీద జానెడు తప్పారు, అంతే!

"వంటింట్లో నేను పేరు డబ్బాకే రాస్తానమ్మా, మూతకి కాదు," అని నర్సుకి పాఠం చెప్పింది అక్క. "ఓసారి మూతలు మారి ఈయన ఉప్పేసిన కాఫీ తాగారు. అప్పట్నుంచీ!"

"మళ్లీ తీద్దామండి, మెషీన్ ఉందిగా!" అన్నాడు డాక్టరు.

ఇంతకన్నా అదృష్టం ఉంటుందా? నూటికి ఒకరిద్దరన్న లాటరీలో అడక్కుండానే రెండో టికెట్టు!

మొదటి సూదికి ఇరవై రెండో రోజున రెండో సూది. లోపలికి తీసుకెళ్లే ముందు అక్క ఖాళీ సీసా తెప్పించుకుంది. మార్కర్ అడిగి, సీసా ఒంటి మీద తన పేరు తనే రాసింది. మొదటిది ఇమేజ్ గైడెడ్ బయాప్సీ అయితే ఇది అక్క గైడెడ్!

ఈసారి రిపోర్టు అక్కదే. ఇన్‌ఫెక్షన్. మందులతో తగ్గుతుందన్నారు. తగ్గుతోంది కూడా. చూశారా, అంతా మన మంచికే!

ఒక్క చిన్న విషయం. ఆ సీసా మీద అక్షరాలు వంకర టింకరగా ఉన్నాయి. ముప్పై ఏళ్లు బోర్డు మీద ముత్యాల్లా రాసిన చెయ్యి అది. మొదటి సూది రోజున ఒప్పుకోలు కాగితం మీద నిక్షేపంగా సంతకం పెట్టింది. మూతలు మారి, మందు మొదలుకాకుండా గడిచిన ఆ ఇరవై రెండు రోజుల్లో మచ్చ పెరిగింది, కుడిచేతికి వణుకొచ్చింది. అది పూర్తిగా పోతుందని డాక్టరు మాటివ్వడం లేదు.

ఆ వణుకు ఎన్ని మిల్లీమీటర్లో, కాస్త ఆ మెషీన్‌ని అడిగి చెప్పండి.